వావిళ్ళ వేంకటేశ్వర శాస్త్రులు

వావిళ్ళ వేంకటేశ్వర శాస్త్రులు (1884 - 1956) తెలుగు, సంస్కృత గ్రంథాల ప్రచురణకర్త. చెన్నపట్నంలో తన తండ్రి వావిళ్ళ రామస్వామి శాస్త్రులు స్థాపించిన ముద్రణాలయాన్ని తెలుగువారి పెద్ద ప్రచురణ సంస్థలలో ఒకటిగా తీర్చిదిద్దాడు. ప్రాచీన కావ్యాలు, పురాణాలు, నిఘంటువులు, బాలశిక్షలు, వ్యాకరణ గ్రంథాలు వందలాదిగా వావిళ్ళ వారి పేరుతో వెలువడ్డాయి. 1910లో ఈయన ప్రచురించిన ముద్దుపళని కావ్యం రాధికాసాంత్వనము ప్రభుత్వ నిషేధానికి గురైంది. ఆ నిషేధం తొలగడానికి మూడు దశాబ్దాలకు పైగా పట్టింది.

కుటుంబ నేపథ్యం

వావిళ్ళ వారి పూర్వులు నెల్లూరు జిల్లాలోని వావిళ్ళ గ్రామానికి చెందినవారు. రామస్వామి శాస్త్రులు సంస్కృతాంధ్ర పండితుడు. 1854లో చెన్నపట్నంలో హిందూ భాషా సంజీవని అనే ముద్రణాలయాన్ని నెలకొల్పాడు. తరువాత ఆది సరస్వతీ నిలయం అనే పేరుతో ముద్రణ కొనసాగించాడు.

ఆ కాలాన్ని కొంత వివరించవలసి ఉన్నది. 1835లో తాత్కాలిక గవర్నరు జనరలు చార్లెస్ మెట్కాఫ్ పత్రికలపై, ముద్రణపై ఉన్న ఆంక్షలను సడలించాడు. అంతవరకు అచ్చుయంత్రాలు ఎక్కువగా ప్రభుత్వం చేతిలోను, క్రైస్తవ మిషనరీల చేతిలోను ఉండేవి. ఆ తరువాత చెన్నపట్నంలో దేశీయుల ముద్రణాలయాలు ఒక్కొక్కటిగా వెలిశాయి. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ పండితుల సాయంతో సేకరించి, శుద్ధప్రతులు రాయించిన తాళపత్ర గ్రంథాలు చెన్నపట్నంలోనే నిలిచి, తరువాత ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం చేరాయి. బ్రౌన్ 1855లో ఇంగ్లండుకు తిరిగి వెళ్ళాడు. అంటే, ఆయన భారతదేశం విడిచి వెళ్ళడానికి ఒక సంవత్సరం ముందే వావిళ్ళ వారి ముద్రణాలయం మొదలైంది. ప్రభుత్వోద్యోగి ఒకడు పూనుకొని చేసిన పనిని ఇకమీద పుస్తకాల అమ్మకంతోనే నడుపుకోవలసిన దేశీయ సంస్థలు చేపట్టాయి.

రామస్వామి శాస్త్రులు 1891లో మరణించాడు. అప్పటికి వేంకటేశ్వర శాస్త్రులు ఏడేళ్ళ బాలుడు.

సంస్థ విస్తరణ

పెద్దవాడై సంస్థ బాధ్యత స్వీకరించిన వేంకటేశ్వర శాస్త్రులు తండ్రి పేరునే సంస్థకు నిలిపాడు. వావిళ్ళ రామస్వామి శాస్త్రులు అండ్ సన్స్ అనే పేరుతో పుస్తకాలు వెలువడ్డాయి. ఆంధ్ర మహాభారతం, భాగవతం, వాల్మీకి రామాయణం, సంస్కృత పంచకావ్యాలు, ప్రబంధాలు, అమరకోశం, శబ్దమంజరి, పెద్దబాలశిక్ష మొదలైనవన్నీ ఈ సంస్థ జాబితాలో ఉండేవి. సంస్కృత గ్రంథాలను తెలుగు లిపిలోను, నాగర లిపిలోను అచ్చువేశారు. బ్రౌన్ ఆంగ్లానువాదంతో కూడిన వేమన పద్యాలను మళ్ళీ ముద్రించి పాఠకులకు అందుబాటులోకి తెచ్చారు. త్రిలింగ అనే తెలుగు పత్రికను, ఫెడరేటెడ్ ఇండియా అనే ఆంగ్ల వారపత్రికను కూడా వేంకటేశ్వర శాస్త్రులు నడిపాడు. ఆయన చివరి సంవత్సరాలలో వావిళ్ళ నిఘంటువు వెలువడసాగింది.

ఈ వ్యాపారంలో ఒక చిక్కు ఉండేది. నన్నయకు గాని, పెద్దనకు గాని గ్రంథస్వామ్యం లేదు. ఎవరైనా వారి కావ్యాలను అచ్చువేసుకోవచ్చు. ఒక సంస్థ పండితులకు జీతమిచ్చి, ప్రతులు పోల్చి, నెలల తరబడి శ్రమించి ఒక గ్రంథాన్ని పరిష్కరించి ముద్రిస్తే, మరొక ముద్రాపకుడు ఆ అచ్చు పుస్తకాన్నే ముందు పెట్టుకొని తక్కువ వెలకు వేరొక ప్రతి తీయగలడు. అందువలన పాఠశుద్ధికి పేరు తెచ్చుకోవడం ఒక్కటే పెద్ద సంస్థకు రక్షణ. పెద్దబాలశిక్ష, శబ్దమంజరి వంటి చిన్న పుస్తకాలు ఏటేటా నిలకడగా అమ్ముడుపోయే రకం. కొనేవారు కొద్దిమందే ఉండే పెద్ద కావ్యాలను వేయాలంటే ఏ ప్రచురణకర్తకైనా ఇటువంటి ఆధారం తప్పనిసరి.

ముద్రణాలయంలో పని

సీసపు అక్షరాల కాలంలో ఒక తెలుగు కావ్యం పుస్తకంగా మారే క్రమం ఈనాటి పాఠకులకు ఊహకు అందదు. పని మొదట పండితుని దగ్గర మొదలయ్యేది. ఒకే కావ్యానికి దొరికిన తాళపత్ర ప్రతులను, కాగితపు ప్రతులను ఎదురుగా పెట్టుకొని పద్యం వెంట పద్యం పోల్చేవారు. తాటాకుల మీద మాటకు మాటకు మధ్య ఎడం ఉండదు. పద్యపాదాలు విరిచి రాసి ఉండవు. హ్రస్వదీర్ఘాల భేదం చాలాచోట్ల స్పష్టంగా కనిపించదు. పురుగు తొలిచిన చోట రెండు మూడు అక్షరాలు లేనే లేవు.

ఇక్కడ పండితునికి ఛందస్సు గొప్ప ఆసరా. ఉత్పలమాలలో పదవ అక్షరం దగ్గర యతి చెల్లకపోతేనో, చంపకమాలలో ఒక గణం తప్పితేనో పాఠం చెడిందని వెంటనే తెలిసిపోతుంది. అయితే ఛందస్సు పట్టుకోలేని తప్పులూ ఉన్నాయి. వనము అని ఉండవలసిన చోట ధనము అని పడితే మూడు లఘువులూ అలాగే ఉంటాయి, గణం చెడదు. అది యతిస్థానమో ప్రాసస్థానమో అయితే తప్ప బయటపడదు. అప్పుడు అర్థం తెలిసినవాడు, ఆ కవి శైలి ఎరిగినవాడు కావాలి.

పండితుడు సిద్ధం చేసిన రాతప్రతి కంపోజిటరు చేతికి వెళ్ళేది. ఇంగ్లీషు టైపుకు వందలోపు గళ్ళు చాలవచ్చు గాని, తెలుగులో అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు అన్నీ వేరువేరు ముక్కలుగా ఉండడం వలన గళ్ళు వందలకు చేరేవి. స్త్రీ అనే ఒక్క అక్షరానికి సకారం మీద గుడిదీర్ఘం, కింద తకారపు ఒత్తు, రకారపు ఒత్తు కూర్చుకోవాలి. ఏ ముక్క ఏ గడిలో ఉన్నదో చూడకుండానే చేయి అక్కడికి పోవాలి. పైగా అక్షరాలు అద్దంలోని బింబంలా తిరగబడి ఉంటాయి. నిలబడి చేసే పని. మంచి కంపోజిటరు తయారు కావడానికి కొన్ని సంవత్సరాలు పట్టేది.

ఆపైన ప్రూఫులు. ఒకడు మూలప్రతిని పైకి చదువుతుంటే మరొకడు అచ్చు కాగితం మీద దిద్దేవాడు. అరసున్నలు, బండిరాలు, ద్విత్వాలు అన్నీ పలికి చెప్పాలి. ఒత్తు ఒకటి జారిపోతే అత్త కాస్తా అత అవుతుంది. దిద్దిన ప్రూఫు మళ్ళీ కంపోజిటరుకు, మళ్ళీ పండితునికి. చివరకు పుటలను చట్రంలో బిగించి ఫారం తరువాత ఫారం ముద్రించేవారు. ఒక ఫారం అచ్చయిన వెంటనే ఆ అక్షరాలను విడదీసి తిరిగి గళ్ళలో వేసేవారు, ఎందుకంటే తరువాతి ఫారానికి అవే అక్షరాలు కావాలి. కాబట్టి ముందరి ఫారంలో తప్పు కనిపించినా ఇక చేయగలిగిందేమీ లేదు. పుస్తకం చివర తప్పొప్పుల పట్టికలో చేర్చడమే గతి. రెండవ కూర్పు వేయాలంటే మొత్తం మళ్ళీ కూర్చవలసిందే. పాత తప్పులు పోయి కొత్త తప్పులు పుట్టేవి. పాత పుస్తకాలలో తప్పొప్పుల పట్టిక చూసి నవ్వుకునేవారున్నారు గాని, అది నిజాయితీ గల ముద్రణాలయపు గుర్తు.

ఈ పనివారి పేర్లు చాలావరకు పుస్తకాలలో కనిపించవు. ఆనాటి ముఖపత్రాల మీద కవి పేరు, ప్రచురణకర్త పేరు, ముద్రణాలయం పేరు ఉంటాయి. పరిష్కరించిన వారిని పండితులు అనే ఒక్క మాటతో సరిపెట్టిన పుస్తకాలు అనేకం. కంపోజిటర్ల మాట చెప్పనే అక్కరలేదు.

ముఖపత్రం మీద ప్రచురణకర్త పేరు ఉండడం గౌరవం కోసం మాత్రమే కాదు. 1867 నాటి ముద్రణాలయాలు, గ్రంథాల నమోదు చట్టం ప్రకారం అప్పట్లో ముద్రాపకుని పేరు, స్థలం ప్రతి పుస్తకం మీద అచ్చువేయవలసి ఉండేది. ప్రతులు ప్రభుత్వానికి పంపవలసి ఉండేది. పుస్తకంలోని ప్రతి పుటకు చట్టం ముందు జవాబు చెప్పవలసినవాడు ఎవరో దాని మీదనే రాసి ఉండేది.

రాధికాసాంత్వనము వ్యవహారం

ముద్దుపళని 18వ శతాబ్దంలో తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుని (పాలన 1739 - 1763) ఆస్థానంలోని విదుషీమణి, దేవదాసి. ఆమె రచించిన రాధికాసాంత్వనము నాలుగు ఆశ్వాసాల శృంగార ప్రబంధం. తాను పెంచిన ఇళను కృష్ణునికిచ్చి పెళ్ళి చేసిన రాధ, ఆ తరువాత పడే ఈర్ష్య, కోపం, వాటిని కృష్ణుడు శాంతింపజేయడం దీని ఇతివృత్తం. స్త్రీ కోరికను, అలుకను స్త్రీయే చెప్పడం ఈ కావ్యపు విశేషం.

ఈ గ్రంథం 1887లో ఒకసారి అచ్చయింది. ఆ కూర్పులో కొన్ని పద్యాలను వదిలివేశారు. కందుకూరి వీరేశలింగం ఆంధ్ర కవుల చరిత్రలో ముద్దుపళని పాండిత్యాన్ని ఒప్పుకుంటూనే కావ్యంలోని శృంగారాన్ని తీవ్రంగా నిరసించాడు. ప్రముఖ గాయని బెంగుళూరు నాగరత్నమ్మ (1878 - 1952) ఈ కావ్యం రాతప్రతిని సంపాదించి, అచ్చు ప్రతితో పోల్చి చూసింది. వదిలివేసిన భాగాలున్నాయని గ్రహించి, సమగ్ర పాఠాన్ని పరిష్కరించింది. పీఠికలో వీరేశలింగం విమర్శకు సమాధానం కూడా చెప్పింది. పురుష కవులు రాసిన ఇంతకంటె పచ్చి శృంగారాన్ని మెచ్చుకుంటూ, ఒక స్త్రీ రాసినదాన్ని మాత్రం తప్పుపట్టడంలోని అసమంజసతను ఆమె ఎత్తిచూపింది. ఈ పరిష్కృత ప్రతిని 1910లో వావిళ్ళ వారు ప్రచురించారు. అప్పటికి వేంకటేశ్వర శాస్త్రుల వయస్సు 26 సంవత్సరాలు.

పుస్తకం వెలువడిన కొద్దికాలానికే పత్రికలలో దుమారం చెలరేగింది. ప్రభుత్వ తెలుగు అనువాదకుడు గోటేటి కనకరాజు పంతులు కొన్ని పద్యాలు అశ్లీలమని అభిప్రాయం ఇచ్చాడు. భారత శిక్షాస్మృతిలోని అశ్లీల గ్రంథాల నిబంధన కింద ప్రభుత్వం ఈ పుస్తకాన్ని నిషేధించి, ప్రతులను స్వాధీనం చేసుకుంది. సంస్థ ప్రచురించిన మరికొన్ని శృంగార కావ్యాలు కూడా ఇదే చిక్కులో పడ్డాయి.

వేంకటేశ్వర శాస్త్రులు చేతులు ముడుచుకొని కూర్చోలేదు. పండితుల మద్దతుతో ప్రభుత్వానికి విన్నపం పంపాడు. ఈ కావ్యం అశ్లీలమైతే సంస్కృతాంధ్రాలలోని పేరుపొందిన కావ్యాలలో అనేకం అశ్లీలాలే అవుతాయన్నది అందులోని ప్రధాన వాదన. ప్రభుత్వం దానిని అంగీకరించలేదు.

ఒక ప్రచురణకర్తకు ఇది ఎటువంటి దెబ్బో గమనించాలి. కాగితం, కూర్పు, ముద్రణ, కుట్టు అన్నిటికీ పెట్టుబడి ముందే పెట్టి ఉంటాడు. ప్రతులు పోతే ఆ సొమ్ము పోయినట్లే. అక్షరాలు ఎప్పుడో విడదీసి ఉంటారు కాబట్టి మళ్ళీ అచ్చువేయడమూ సులభం కాదు. అభ్యంతరకరమన్న పద్యాలను తొలగించి అమ్ముకునే దారి ఒకటి ఉన్నది. 1887 నాటి కూర్పు ఆ దారినే పోయింది. ఎక్కువమంది పాఠకులకు తేడా తెలిసేది కూడా కాదు. కాని పద్యాలు తీసివేసిన ప్రతి ముద్దుపళని కావ్యం కాదన్నదే నాగరత్నమ్మ పూనికకు మూలం. ఆ పూనికకు వావిళ్ళ వారు తమ పేరు జోడించారు.

1947లో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం రాధికాసాంత్వనముతో పాటు మరికొన్ని శృంగార కావ్యాలపై ఉన్న నిషేధాన్ని ఎత్తివేసింది. 1952లో వావిళ్ళ వారు నాగరత్నమ్మ పీఠికతో సహా ఈ కావ్యాన్ని మళ్ళీ ముద్రించారు. ఆ సంవత్సరమే మే నెలలో నాగరత్నమ్మ తిరువైయారులో మరణించింది.

ఉత్తరాది జిల్లాలు, గిడుగు విమర్శ

చెన్నపట్నంలో దిద్దిన పాఠమే తెలుగుదేశమంతటికీ పాఠమయ్యేది. ఈ సంగతి రాష్ట్రపు ఉత్తరపు కొసన మరింత స్పష్టం. నేటి శ్రీకాకుళం జిల్లాలోని టెక్కలి, పలాస, ఉద్దానం తీరగ్రామాలు అప్పట్లో చెన్నపట్నం రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేవి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఇవి విశాఖపట్నం జిల్లాలో చేరాయి. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. 19వ శతాబ్దం చివరికి మద్రాసు - కలకత్తా రైలుమార్గం నౌపడ, పలాసల మీదుగా పూర్తయింది. 1900లో నౌపడ నుండి పర్లాకిమిడికి చిన్న రైలు నడిచింది. చెన్నపట్నపు పుస్తకాలు రైలు పార్సెళ్ళలోను, వి.పి.పి. ద్వారాను ఇటువంటి దూరప్రాంతాలకు చేరగలిగేవి. పుస్తకాల చివరి పుటలలో అచ్చువేసిన జాబితాలే దూరాన ఉన్న పాఠకునికి పుస్తకాల అంగడి. ఉద్దానంలోని ఒక ఉపాధ్యాయునికి భాండాగారంలోని తాళపత్రాలు చూసే వీలు లేదు. అచ్చులో ఏది ఉంటే నన్నయ అదే రాశాడని అతడు పిల్లలకు చెప్పవలసిందే.

దీనిని ప్రశ్నించినవాడు కూడా ఆ ప్రాంతం నుండే వచ్చాడు. శ్రీముఖలింగం సమీపంలోని పర్వతాలపేటలో జన్మించి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా పనిచేసిన గిడుగు రామమూర్తి (1863 - 1940) శాసనాలను, పాత గ్రంథాలలోని ప్రయోగాలను శ్రమపడి పరిశీలించాడు. చిన్నయసూరి బాలవ్యాకరణానికి విరుద్ధంగా కనిపించిన రూపాలను పరిష్కర్తలు దిద్దివేస్తే, అచ్చు పుస్తకం భాషాచరిత్రకు నమ్మదగిన సాక్ష్యం కాకుండా పోతుందని ఆయన వాదించాడు. ఇది ఒక్క సంస్థ మీద చేసిన విమర్శ కాదు. ఆనాటి ముద్రణ పద్ధతి మొత్తానికి వర్తిస్తుంది. పండితుడు తప్పు అనుకొని దిద్దినది నిజంగా లేఖకుని పొరపాటా, లేక కవి కాలపు వాడుకా అన్నది ప్రతి పుటలోను ఎదురయ్యే ప్రశ్న. పాఠాంతరాలను అడుగున చూపించే పద్ధతి ఉంటే పాఠకుడే నిర్ణయించుకోగలడు. వావిళ్ళ వారితో సహా అప్పటి ప్రచురణలన్నింటిలో ఆ పద్ధతి ఒకే తీరుగా కనిపించదు. అశ్లీలమని పద్యాన్ని తీసివేయడం, అపశబ్దమని మాటను మార్చడం రెండూ కవి రాసినదాన్ని మరుగుపరిచేవే అయినా, రెండవదాని మీద పోలీసులు వచ్చే పని లేదు గనుక అది చాలాకాలం ఎవరి దృష్టికీ రాలేదు.

సమకాలికులు

వేంకటేశ్వర శాస్త్రులు పనిచేసిన కాలంలో తెలుగు ప్రచురణ రంగం అనేక దిక్కులకు విస్తరించింది. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు స్థాపించిన విజ్ఞాన చంద్రికా మండలి చరిత్ర, విజ్ఞాన శాస్త్ర గ్రంథాలను తెలుగులోకి తెచ్చింది. కాశీనాథుని నాగేశ్వరరావు ఆంధ్ర గ్రంథమాలను తక్కువ వెలకు అందించాడు. వేదం వేంకటరాయ శాస్త్రి స్వయంగా వ్యాఖ్యాత, ప్రచురణకర్త. వీరి మధ్య వావిళ్ళ వారి స్థానం ప్రాచీన వాఙ్మయం.

మరణం, అనంతరం

వేంకటేశ్వర శాస్త్రులు 1956లో మరణించాడు. ఆయన తరువాత కూడా వావిళ్ళ వారి పేరుతో పుస్తకాలు వెలువడ్డాయి. 1991లో సూసీ థారు, కె. లలిత సంపాదకత్వంలో వెలువడిన భారతీయ రచయిత్రుల ఆంగ్ల సంకలనం మొదటి సంపుటంలో ముద్దుపళనికి స్థానం లభించింది. ఆ పీఠికలో నాగరత్నమ్మ కూర్పు, దాని నిషేధం కథ వివరంగా ఉన్నది. 2011లో రాధికాసాంత్వనముకు సంధ్యా మూల్‌చందాని చేసిన ఆంగ్లానువాదాన్ని పెంగ్విన్ సంస్థ ప్రచురించింది. వావిళ్ళ వారి పాత ముద్రణలు అనేకం డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకంలో స్కాన్ చేయబడి అంతర్జాలంలోకి చేరాయి. వాటిలో కొన్నింటికి తప్పొప్పుల పట్టికలు కూడా ఉన్నాయి.